ఎండాకాలం బాస్ ఎక్కడికి పోతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో, టెక్సస్‌లో మా అమ్మాయి వాళ్లింటికి పోయినప్పుడు ఫిష్‌ఫైండర్ వాడటం నేర్చుకున్న సంగతి నాలుగు మాటల్లో రాశాను. నీళ్లలోకి ధ్వని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద ఏముందో తెర మీద చూపించే మెషిన్ అది. అక్కడ మేము దానితో వెతికింది బాస్ అనే మంచినీటి చేపను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కర్నూలులో ముప్పై రెండేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ప్రశ్న వచ్చాక జవాబు చెప్పకుండా ఉండలేను. చదువు, ఉద్యోగాల మీద వచ్చిన ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. నాలుగేళ్లుగా డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ మీ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. మార్చి చివర్లో ఒక చిన్న కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ), దానికి ఏడంగుళాల తెర ఉన్న ఫిష్‌ఫైండర్ కొన్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డు పక్కనే బాస్ బాగా పడింది. జూన్ సగం దాటినప్పటి నుంచి ఒక్కటీ లేదు. తెర మీద మాత్రం చేప బొమ్మలు వరసగా వస్తున్నాయి. వాటి మీద గాలం వేస్తే ఏమీ తగలదు. తప్పు మెషిన్‌దా, నాదా? శని, ఆదివారాలు వస్తే ఇదే టెన్షన్.

జవాబు: నాయనా, ముందు సెట్టింగుల్లోకి పోయి ఆ చేప బొమ్మలు ఆపెయ్. ఫిష్ ఐడీ అనే పేరుతో ఉంటుంది. నీళ్ల మధ్యలో దేని నుంచి ప్రతిధ్వని వచ్చినా, అది నేలకు అంటుకుని లేకపోతే చాలు, మెషిన్ దానికి చేప బొమ్మ తగిలిస్తుంది. మునిగిన చెట్టు కొమ్మ, బుడగల గుంపు, తెగి తేలుతున్న నాచు, అన్నిటికీ అదే బొమ్మ. మొదటి వేసవిలో నేను, మా అల్లుడు రెండు ఆదివారాలు ఒకే చోట పోగొట్టుకున్నాం. బొమ్మలు ఆపేశాక చూస్తే అక్కడ ఉన్నది నీళ్లలో నిలబడి ఎండిన చెట్టు. కొమ్మలు కొమ్మల్లాగే కనబడ్డాయి.

రెండోది, తెరను చదివే పద్ధతి. తెర కుడి అంచున ఉన్న ఒక్క గీతే ఈ క్షణానిది. ఎడమ పక్కన ఉన్నదంతా దాటి వచ్చింది. తెర మధ్యలో కనబడిన చేప నీ కయాక్ కింద లేదు, వెనక ఉంది. అది తెలియక చాలామంది కనబడిన వెంటనే నేరుగా కిందికి ఎర దించుతారు. ఇంకో మాట. కయాక్ కదలకుండా ఆగి ఉంటే, కింద నిలబడిన ఒకే చేప తెర మీద పొడుగాటి గీతలా సాగుతుంది. పొడుగ్గా ఉందని అది పెద్ద చేప అనుకోవద్దు. పొడుగు కన్నా మందం చూడు.

ఇప్పుడు అసలు సంగతి. చేప కోసం చూసే ముందు నీళ్ల కోసం చూడాలి. మీ నాన్నను అడుగు, చిన్నప్పుడు మోటబావిలో ఎండాకాలం దూకినప్పుడు ఎలా ఉండేదో. పైన మెడ దాకా గోరువెచ్చగా ఉంటుంది. కాళ్లు కిందికి దించితే ఒక్కసారిగా జిల్లుమంటుంది. రెంటికీ మధ్య గీత గీసినట్టే ఉంటుంది. టెక్సస్ పెద్ద చెరువుల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా జరిగేది అదే. పైనీళ్లు ఎండకు కాగి తేలికవుతాయి. కింది నీళ్లు చల్లగా, బరువుగా ఉండిపోతాయి. రెండూ కలవవు. ఆ సరిహద్దు పొరను థర్మోక్లైన్ అంటారు.

చల్లగా ఉంది కదా, చేపలన్నీ కిందికే పోతాయని నేనూ మొదట అనుకున్నాను. అది పొరపాటు. కింది నీళ్లకు గాలి తగిలే దారి మూసుకుపోయింది. అడుగున కుళ్లే ఆకులు, నాచు ఉన్న ప్రాణవాయువును కాస్తా తినేస్తాయి. కొన్ని వారాలకు ఆ పొర కింద చేప బతకలేని నీళ్లు తయారవుతాయి. అంటే బాస్‌కు పైన వేడి, కింద ఊపిరాడదు. అది ఆ గీతకు కాస్త పైన, నీడో ఆసరానో ఉన్న చోటు చూసుకుని నిలబడుతుంది.

ఆ గీత నీ మెషిన్‌లోనే కనిపిస్తుంది. లోతైన చోటికి పోయి ఆగు. సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న ప్రతిధ్వనిని తెర మీద చూపాలో చెప్పే సెట్టింగు, ఆటోలో ఉంటే తీసెయ్. తెర అంతా చుక్కలు చుక్కలుగా మసకబారేదాకా పెంచి, ఆ మసక తగ్గేదాకా రెండు మెట్లు దించు. అప్పుడు నీళ్ల మధ్యలో పొగ పరిచినట్టు ఒక అడ్డ పట్టీ కనబడుతుంది. నువ్వు ఎటు కదిలినా అది ఒకే లోతులో ఉంటుంది. మేము టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ అనే చెరువు మీద చూసిన రోజు అది 22 అడుగుల దగ్గర ఉంది. పైన నీటి వేడి 88 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 31. ఆ అంకెలు నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రతి చెరువుకూ, ప్రతి నెలకూ అది మారుతుంది కాబట్టి నా అంకె నీకు పనికిరాదు, నీది నువ్వే చూసుకోవాలి.

ఆ ఒక్క అంకె తెలిశాక చెరువు సగానికి సగం చిన్నదైపోతుంది. గీత 22 దగ్గర ఉంటే, నేల 35 అడుగుల్లో ఉన్న చోట అడుగు వెతకడం దండగ. నేల 12 నుంచి 22 అడుగుల మధ్య ఉన్న చోట్లే నీకు కావాలి. అందులోనూ ఏదో ఒక మార్పు ఉన్న చోటు: నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన గట్టు, మునిగిన తిప్ప, పాత వాగు ఒడ్డు, పాత రోడ్డు కట్ట. మెషిన్‌లోని మ్యాపులో ఇవి లోతు గీతలుగా ఉంటాయి. ఆ గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నేల నిటారుగా పడిపోతుందని అర్థం.

అలాంటి చోటుకు పోయాక గాలం ముట్టుకోవద్దు. ఇది నీకు కష్టంగా ఉంటుంది. నాకూ ఉండింది. అరగంట సేపు తెడ్డు వేసుకుంటూ, గట్టు మీదుగా అటూ ఇటూ వంకర దారిలో తిరుగు, మెల్లగా, మనిషి నడకంత వేగంతో. నేలను చదువు. గట్టి నేల తెర మీద మందంగా, మెరుస్తూ వస్తుంది. బాగా గట్టిదైతే రెట్టింపు లోతులో దానికే ఇంకో నీడ పడుతుంది. ధ్వని నేలకు తగిలి, నీటి పైభాగానికి తగిలి, మళ్లీ నేలకు పోయి రావడం వల్ల అది వస్తుంది. బురదకు ఆ రెండో నీడ రాదు, గీత కూడా మెత్తగా చెదిరినట్టు ఉంటుంది. బురద ఎక్కడ ఆగి గులకరాళ్లు ఎక్కడ మొదలయ్యాయో అక్కడ గుర్తు పెట్టుకో. మా అల్లుడికి ఆ వేసవిలో పడ్డ బాస్‌లో ఎక్కువ అలాంటి అంచుల మీదే పడ్డాయి.

ఆ తర్వాత తిండి. అక్కడ షాడ్ అనే చిన్న చేపలు మన పరిగెల్లాగా గుంపులు గుంపులుగా తిరుగుతాయి. తెర మీద అవి మబ్బు ముక్కలా, ముద్దగా కనిపిస్తాయి. మబ్బు ఊరికే గుండ్రంగా నిలకడగా ఉంటే వాటిని ఎవరూ తరమడం లేదు. మబ్బు చిరిగి, కింద ఏటవాలు గీతలు పైకి లేస్తూ కనబడితే వేట జరుగుతోంది. అప్పుడు ఆలస్యం చేయొద్దు. నేల దగ్గర ఉన్న బాస్ మాత్రం ఇంత స్పష్టంగా కనబడదు. అడుగు గీత మీద బియ్యపు గింజ అంటుకున్నట్టు చిన్న గడ్డ, అంతే. అందుకే లోతు రేంజును నీ చేత్తో పెట్టుకో. 20 అడుగుల నీళ్లలో మెషిన్ 60 అడుగుల దాకా చూపిస్తుంటే నీకు కావాల్సింది తెరలో మూడో వంతులో ఇరుక్కుపోతుంది. 0 నుంచి 25 పెట్టు.

నిటారు వాలు మీద ఒక మోసం ఉంది, చెబుతాను. మెషిన్ పంపే ధ్వని బోర్లించిన గరాటులా కిందికి పరుచుకుంటుంది. వాలు మీద ఆ గరాటు అంచు ముందుగా తాకిన ఎత్తైన చోటునే మెషిన్ నేల అనుకుంటుంది. అంతకన్నా కిందుగా, వాలుకు ఆనుకుని ఉన్న చేప ఆ నేల ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. తెర ఖాళీగా ఉంటుంది, చేప ఉంటుంది. కాబట్టి వాలును అడ్డంగా దాటడమే కాక, దాని వెంబడి కూడా ఒకసారి పో. చోటు బాగుండి తెర ఖాళీగా ఉన్నా పది విసుర్లు వేసి చూడు.

చివరికి గాలం. గుర్తు పెట్టిన చోటికి నలభై అడుగుల అవతల ఆగి, బరువైన సీసం గుండు నేల మీద ఈడుస్తూ లాగు. రాళ్ల మీద అది టక్ టక్ మని చేతికి తెలుస్తుంది. తెర చెప్పింది నిజమో కాదో నీ చేయి చెబుతుంది. సరిగ్గా కయాక్ కిందే చేప ఉంటే డ్రాప్ షాట్, అంటే గుండు అడుగున, ఎర దానికి కాస్త పైన కట్టిన గాలం, దించు. ఎర దిగడం కూడా తెర మీద సన్నటి వాలు గీతలా కనబడుతుంది, దానికి చేప లేచి వస్తే అదీ కనబడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నా చెయ్యి వణికింది. అరవై నాలుగేళ్ల వయసులో.

తెల్లవారుజామున మాత్రం ఈ మెషిన్ పక్కన పెట్టు. పొద్దు పొడిచే వేళ ఒక గంట బాస్ లోతు తక్కువ నీళ్లలోకి తిండికి వస్తుంది. ఎండ ఎక్కాక నేను పైన చెప్పిన పని మొదలుపెట్టు. చేపలు పట్టే లైసెన్సు ఎప్పుడూ దగ్గర ఉంచుకో. టెక్సస్‌లో సాధారణంగా 14 అంగుళాల లోపు లార్జ్‌మౌత్ బాస్‌ను వదిలెయ్యాలి, రోజుకు ఐదు దాటకూడదు. లేక్ ఫోర్క్‌లో నియమం వేరు, 16 నుంచి 24 అంగుళాల మధ్యవాటిని ఇంటికి తీసుకుపోకూడదు. పోయే చెరువు నియమం ముందే చదువుకో. మండే వేసవిలో పైనీళ్లలో చేప త్వరగా అలసిపోతుంది. వదలదలిస్తే ఫోటోల కోసం దాన్ని నిలబెట్టొద్దు.

ప్రశ్న: సార్, నేను నంద్యాలలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. పోయిన నెల మీరు రాసిన దాంట్లో చేప తెర మీద విల్లు వంపులా కనిపిస్తుందని ఉంది. చేప తిన్నగా ఈదుతుంటే వంపు ఎందుకు వస్తుంది? అసలు నీళ్లలాంటి ఒళ్లున్న చేప నుంచి ప్రతిధ్వని ఎలా వస్తుంది?

జవాబు: తల్లీ, నీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అది అడిగేవాళ్లు తక్కువ. చేప కండరాల సాంద్రత నీటికి దగ్గరగానే ఉంటుంది. ధ్వని అందులోంచి చాలావరకు దూరిపోతుంది. కానీ చాలా చేపల కడుపులో, వెన్నెముక కింద, గాలి తిత్తి ఉంటుంది. మీ అమ్మ చేప శుభ్రం చేసేటప్పుడు తెల్లగా బుడగలా వస్తుంది చూడు, అదే. నీటికీ గాలికీ మధ్య తేడా చాలా ఎక్కువ కాబట్టి ధ్వని అక్కడ గట్టిగా తిరిగి వస్తుంది. మెషిన్‌కు ఎక్కువగా తగిలేది చేపలోని ఆ గాలి బుడగే.

ఇక వంపు. కాగితం మీద బోర్లించిన గరాటు గియ్యి. పైన మొనలో మెషిన్ ట్రాన్స్‌డ్యూసర్, అంటే ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగం. కింద ఒక చేప కదలకుండా ఉంది, గరాటే దాని మీదుగా పోతోంది అనుకో. చేప గరాటు అంచులోకి వచ్చినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ నుంచి దానికి దూరం ఏటవాలు దూరం, అంటే ఎక్కువ. మధ్యకు వచ్చేసరికి నిలువు దూరం, తక్కువ. అవతలి అంచుకు పోయేసరికి మళ్లీ ఎక్కువ. మెషిన్‌కు తెలిసింది కాలం ఒక్కటే. ఎక్కువ కాలం పడితే కిందికి, తక్కువైతే పైకి చుక్క పెడుతుంది. ఆ చుక్కలు కలిపితే వంపు. చేప అంచు పక్కనుంచి పోతే సగం వంపే వస్తుంది. నీ పుస్తకంలోని పైథాగరస్‌తో లెక్క వేసి చూడు, ఐదు చుక్కలు చాలు.

కాలం సంగతి వచ్చింది కాబట్టి: గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, నీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. 30 అడుగుల లోతుకు పోయి తిరిగి రావడానికి సెకనులో వందో వంతు కన్నా కొంచెం ఎక్కువ చాలు. అందుకే మెషిన్ సెకనుకు ఎన్నోసార్లు అడిగి జవాబు తెచ్చుకోగలదు. పంపే ధ్వని పౌనఃపున్యం 200 కిలోహెర్ట్జ్ అయితే గరాటు కోణం చాలా మెషిన్లలో సుమారు 20 డిగ్రీలు. అంటే 30 అడుగుల లోతులో నువ్వు చూస్తున్నది దాదాపు పది అడుగుల అడ్డకొలత ఉన్న చుట్టు మాత్రమే. 83 కిలోహెర్ట్జ్ దగ్గర కోణం 60 డిగ్రీల దాకా పోతుంది, చుట్టు పెరుగుతుంది, వివరం తగ్గుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను కనిపెట్టడానికి మొదలైన విద్య ఇది. 1948లో జపాన్‌లో ఫురునో అన్నదమ్ములు దీన్ని చేపల వేటకు మళ్లించి మార్కెట్లోకి తెచ్చారు. ఇంజనీరింగ్‌లో చేరాక అకూస్టిక్స్ వైపు చూడు, నీ ప్రశ్న అటే పోతోంది.

ప్రశ్న: బాస్ అంటే మన పండుగప్పే కదా? హోటల్ మెనూలో సీబాస్ అని రాసి పండుగప్ప పెట్టారు. – కడప

జవాబు: కాదండీ. పండుగప్పను ఇంగ్లిష్‌లో ఏషియన్ సీబాస్ అంటారు కాబట్టి హోటల్‌వాళ్లు తప్పు రాయలేదు. అది ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేప, మన కోస్తాలో చెరువుల్లో పెంచుతారు. పై జవాబులో ఉన్న లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. కుటుంబాలే వేరు. పెద్ద నోరు, ఆకుపచ్చ ఒళ్లు, పక్కన నల్ల చారిక దాని గుర్తులు. మన రిజర్వాయర్లలో అది లేదు, తెచ్చి వదలాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాకూడదని నా కోరిక. పరాయి వేటచేప వస్తే ముందు పోయేది మన పరిగెలు.

ప్రశ్న: అయ్యవారూ, మాది శింగనమల పక్కన పల్లె. చెరువులో కొర్రమీను గాలంతో పడతాను. నీళ్లలోకి విసిరితే ఫోన్‌లో చేపలు చూపించే బంతి ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది. కొనొచ్చా?

జవాబు: కొర్రమీను కోసమైతే కొనొద్దు. డబ్బు వృథా.

ఆ బంతి కూడా ఇదే ధ్వని పద్ధతిలో పనిచేస్తుంది. నాలుగు అడుగుల నీళ్లలో అది చూడగలిగే చుట్టు చాలా చిన్నది. దానికి తోడు కొర్రమీను ఉండేది తుంగ, తామరాకు, నాచు మధ్య. అక్కడ తెర అంతా నాచే కనబడుతుంది. ఇంకా పెద్ద కారణం ఒకటుంది. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చే చేప. ఎండాకాలం నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా అది బతుకుతుంది కాబట్టి, బాస్‌కు పనికొచ్చే పొరల లెక్క దీనికి పనికిరాదు. దీనికి నీ కళ్లు కావాలి. గాలి లేని పూట, గట్టు మీద నీడ నీళ్ల మీద పడకుండా కూర్చో. గుటక వేసినట్టు చిన్న చప్పుడు, ఒక సుడి. అదే చోట కొంతసేపటికి మళ్లీ వస్తుంది. రెండు మూడుసార్లు చూస్తే దాని దారి తెలుస్తుంది.

ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద మరుగుతున్నట్టు కనబడితే మాత్రం అక్కడ గాలం వెయ్యొద్దు నాయనా. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పడితే ఒక్క రోజులో ఆ పిల్లలన్నీ ఇతర చేపల నోట్లో పడతాయి. నీ చెరువే, నీకే తగ్గుతుంది.

ప్రశ్న: మాది ఆత్మకూరు వైపు. నాన్న శ్రీశైలం వెనక జలాల్లో ముప్పై ఏళ్లుగా పుట్టి మీద వలలు వేస్తున్నాడు. లైసెన్సు ఉంది. మీరు చెప్పిన మెషిన్ కొందామని నేను, ఎందుకు డబ్బు దండగ అని నాన్న. మీరేమంటారు?

జవాబు: మీ నాన్నకు నా నమస్కారం చెప్పు. బొచ్చె ఏ గాలికి ఎటు తిరుగుతుందో, శీలావతి ఏ నెలలో ఎక్కడ మేస్తుందో ఆయనకు తెలిసినంత ఈ మెషిన్‌కు ఎప్పటికీ తెలియదు. చేపలు చూపిస్తుందని కొనాల్సిన పని లేదు. మొద్దులు చూపిస్తుందని కొనొచ్చు. వల చిరిగేది మునిగిన చెట్ల మొద్దులకు, పాత గోడలకు తట్టుకునే కదా. ఏడాదికి వలల మరమ్మతుకు, పోయిన వలలకు ఎంత అవుతోందో మీ నాన్నతో కూర్చుని లెక్క రాయి. మెషిన్ ధర దాని పక్కన పెట్టి చూడు. ఆ లెక్కే మీ ఇద్దరి వాదన తేలుస్తుంది.

కొనకముందే చేయగలిగిన పని ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. టెక్సస్‌లోవాళ్లకు లేని సౌకర్యం మనకుంది: మన చెరువు ప్రతి ఎండాకాలం తన నేలను బయటపెడుతుంది. 885 అడుగుల పూర్తి మట్టం నుంచి నీళ్లు దిగుతూ దిగుతూ, సంగమేశ్వరం గుడి బయటపడి జనం వేపదారు లింగాన్ని చూడటానికి వచ్చే రోజుల్లో, మీ నాన్న వలలు వేసే నేల కూడా చాలావరకు ఎండి ఉంటుంది. ఆయనతో పాటు దాని మీద నడువు. ప్రతి మొద్దు దగ్గర, ప్రతి బావి దగ్గర, ప్రతి పాత కట్ట దగ్గర ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టు. ఫోటో తీసుకో. వానలకు నీళ్లు వచ్చి అంతా మునిగాక ఆ గుర్తులు ఫోన్‌లో అలాగే ఉంటాయి. పుట్టి వాటి మీదికి రాగానే ఇక్కడ మొద్దు ఉందని తెలుస్తుంది.

ఈ పని నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. నాకు గుర్తున్నవి మూడే: ఊరి బావి, రచ్చబండ, దాని మీద చింతచెట్టు. మూడేళ్ల కింద మే నెలలో ఆ నేల మీద నడిచి, బావి ఒర ఇంకా నిలిచి ఉండటం చూసి గుర్తు పెట్టుకున్నాను. చింతచెట్టు మొద్దు మనిషి నడుమంత ఎత్తు మిగిలింది. నవంబరులో నీళ్లు నిండాక ఒక తెలిసినాయన పుట్టిలో, వెదురు బొంగుకు ట్రాన్స్‌డ్యూసర్ కట్టి, బండి బ్యాటరీ లాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టుకుని మళ్లీ పోయాం. లైఫ్ జాకెట్ వేసుకుని పోయాం, మీరూ అది లేకుండా ఎక్కొద్దు. 38 అడుగుల కింద అడుగు గీత సాఫీగా పోతూ పోతూ ఒక్కచోట నిలువుగా లేచింది. బావి ఒర. ఇంకొంచెం ముందుకు పోతే మొద్దు. దాని చుట్టూ నాలుగైదు వంపులు, ఒకటి బాగా మందంగా ఉంది. పుట్టి తోలే ఆయన చూసి, వాలుగ అయ్యుంటుంది, మొద్దుల పక్కన అదే కాపు కాస్తుంది అన్నాడు. నేను ఆ తెర ఫోటో తీసి మా అమ్మకు చూపించాను. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, చాలాసేపు చూసి, బావికి తూర్పు పక్కనే కదా చెట్టు అని అడిగింది. అవును, తూర్పు పక్కనే.

టెక్సస్‌లో కనిపించిన ఆ పొగ పట్టీ మాత్రం నేను చూసిన రెండు మూడుసార్లూ మన దగ్గర కనబడలేదు. ఇక్కడ వేసవిలో నీళ్లు దిగిపోతుంటాయి, పైన గాలి కలుపుతుంటుంది. కాబట్టి మొదటి జవాబులో చెప్పిన లోతు లెక్క ఇక్కడ పెట్టుకోవద్దు. మొద్దు, కట్ట, వాగు అంచు, వీటినే పట్టుకోండి.

ఇంకొక్కటి, గట్టిగా చెప్పాలి. ఈ మెషిన్ ఉందని ఎవరైనా అలివి వల కలిపి వేద్దామని వస్తే ఒప్పుకోవద్దు. అది నిషేధించిన వల, పిల్లచేపలతో సహా ఊడ్చేస్తుంది. గుంపు ఎక్కడుందో చూపించే తెర, ఏదీ మిగల్చని వల ఒకచోట చేరితే నాలుగేళ్లకు మీ నాన్న పుట్టి ఒడ్డు మీదే ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట సంగతి మత్స్యశాఖ ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పినట్టు ఆగండి.

నా దగ్గర ఐదంగుళాల తెరది ఒకటి ఉంది, ఇప్పుడు అల్మారాలో ఖాళీగానే ఉంది. పత్రిక ఆఫీసుకు ఉత్తరం రాసి నా చిరునామా తీసుకో. కర్నూలు వచ్చి పట్టుకుపో, వెదురు బొంగు, బ్రాకెట్టు కూడా ఇస్తాను. ఒక నెల వాడి చూశాక కొనాలో వద్దో మీ నాన్ననే చెప్పమను.